ఇంట్లో మానేయమంటున్నారు, ఆస్పత్రిలో మాట్లాడొద్దంటున్నారు

ఈసారి ఉత్తరం ఒక స్టాఫ్ నర్సు రాశారు. ఆరు పేజీలుంది. ఆమె ఎవరో పోల్చుకునే వీలున్న వివరాలు తీసేసి, విషయం మాత్రం చెబుతాను.

ఆమె ఒక మోస్తరు ఆస్పత్రి క్యాజువాలిటీలో పనిచేస్తున్నారు. 11 ఏళ్ల సర్వీసు. ఇంట్లో భర్త, ఐదేళ్ల బాబు, ఊపిరితిత్తుల జబ్బుతో రోజూ ఇన్‌హేలర్ వాడే అత్తగారు ఉంటారు. ఊపిరితిత్తులకి సోకే కొత్త వైరస్ ఒకటి దేశం తర్వాత దేశంలో బయటపడుతోందని వార్తలు మొదలైన దగ్గర్నుంచి ఆమెకి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. తనకి పని నేర్పిన సీనియర్ సిస్టర్‌ని కోవిడ్‌లో పోగొట్టుకున్నారు. "అప్పుడు భయపడడానికి తీరిక కూడా లేదు. ఇప్పుడు జరగబోయేదంతా ముందే తెలిసినట్టుంది" అని రాశారు.

పది రోజుల కిందట నైట్ డ్యూటీలో, విదేశం నుంచి వచ్చిన ఒకాయన జ్వరం, దగ్గు, ఆయాసంతో వచ్చి గంటన్నర సేపు అందరి మధ్యా బెంచీ మీద కూర్చున్నాడు. ఎక్కడి నుంచి వచ్చారని గేటు దగ్గర ఎవరూ అడగలేదు. ఈమె అడిగి తెలుసుకుని ఎన్95 మాస్కు కోసం పరిగెత్తితే బీరువాకి తాళం వేసి ఉంది. తాళంచెవి సాయంత్రం 5 గంటలకి ఇంటికెళ్లిపోయే స్టోర్ గుమాస్తా దగ్గర ఉంటుంది. మామూలు సర్జికల్ మాస్కుతోనే ఆయనకి నెబులైజర్ (మందుని తుంపరగా మార్చి పీల్పించే యంత్రం) పెట్టారు. రెండు రోజుల తర్వాత ఆయనది మామూలు ఫ్లూ అని తేలింది.

ఆ తెల్లవారి ఇంటికి రాగానే బాబు పరిగెత్తుకొచ్చాడు. "దగ్గరికి రాకు!" అని గట్టిగా అరిచారు. వాడు ఉన్నచోటే ఆగిపోయి గోడకి అతుక్కుపోయాడట. అప్పట్నుంచి ఆమె డ్యూటీ నుంచి వస్తే గదిలోంచి బయటికి రావడం లేదు. భర్త "నీ జీతం కోసం ఇంటిల్లిపాదినీ పణం పెడతావా, మానెయ్" అంటున్నారు. అత్తగారు మాత్రం ఏమీ అనరు, రాత్రి పడుకునే ముందు "మీ ఆస్పత్రికి వచ్చిందా అమ్మా?" అని ఒక్క మాట అడుగుతారు. బంధువుల ఫోన్లు ఆగడం లేదు. నిజం చెప్పమనేవాళ్లు కొందరు, ఓ మాస్కుల డబ్బా తెచ్చిపెట్టమనేవాళ్లు కొందరు. ఆస్పత్రిలో మీటింగు పెట్టి "మనం పూర్తిగా సిద్ధంగా ఉన్నాం. బయట ఎవరితోనూ ఏమీ మాట్లాడొద్దు, జనం కంగారుపడతారు" అన్నారు. "సిద్ధంగా ఉన్నాం అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఆ తాళమే కనబడుతోంది" అని రాశారు. ఉద్యోగం మానేయాలా? అడిగినవాళ్లకి ఏం చెప్పాలి? పైవాళ్లతో ఎలా మాట్లాడాలి? ఇవీ ఆమె అడిగిన మూడు ప్రశ్నలు.

అమ్మా,

మీ మూడు ప్రశ్నలకంటే ముందు బాబు సంగతి మాట్లాడుకుందాం. ఐదేళ్ల పిల్లాడికి వైరస్ అర్థం కాదు. అమ్మ తనని చూసి అరిచిందని మాత్రం అర్థమవుతుంది. తనే ఏదో తప్పు చేశాననుకుంటున్నాడు. డ్యూటీ లేని రోజు, స్నానం చేసి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి: "ఆ రోజు నీ మీద కోపంతో అరవలేదు నాన్నా, నా బట్టలకి ఆస్పత్రి మురికి ఉందేమోనని భయపడి అరిచాను." ఆ తర్వాత వాడికొక పని అప్పజెప్పండి. మీరు గుమ్మంలోకి రాగానే బాత్రూం లైటు వేసే పని వాడిది. మీరు స్నానం చేసి వచ్చేదాకా బయట నిలబడి అంకెలు లెక్కపెట్టాలి. మీరు బయటికి రాగానే ఎత్తుకుంటారు. పిల్లలు ఎదురుచూడగలరు, ఎంతసేపో, ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే చాలు. ఇది ఈ రోజే మొదలుపెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక మిగతాది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మూడు బాధలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. వైరస్ అంటే భయం ఒకటి. మీ ఆస్పత్రి మీద నమ్మకం పోవడం రెండోది. అడిగినవాళ్లకి అబద్ధం చెబుతున్నానన్న గుచ్చుకోలు మూడోది. ఈ మూడింటికీ కలిపి రాజీనామా ఒక్కటే మందులా కనబడుతోంది మీకు. కానీ అది మొదటిదాన్ని కొంత తగ్గిస్తుంది, రెండోదాన్ని మీ తోటి సిస్టర్ల నెత్తిన వదిలేస్తుంది, మూడోదాన్ని అసలు ముట్టుకోదు. అందుకే విడివిడిగా చూద్దాం.

వైరస్ గురించి. మొదటి వారాల్లో వచ్చే చావుల లెక్కల్ని పట్టుకుని నిర్ణయాలు తీసుకోకండి. అవి రెండు వైపులా తప్పుతాయి. మొదట్లో పరీక్ష చేసేది ఆస్పత్రిలో పడ్డవాళ్లకే కాబట్టి, ఇంట్లో జలుబులా వచ్చి తగ్గిపోయినవాళ్లు లెక్కలోకి రారు, జబ్బు ఉన్నదానికంటే భయంకరంగా కనబడుతుంది. 2009లో వచ్చిన హెచ్1ఎన్1 ఫ్లూ విషయంలో అదే జరిగింది. 2003లో ఊపిరితిత్తులకి సోకిన సార్స్ అనే వైరస్ జబ్బు విషయంలో దానికి పూర్తిగా ఎదురు. సోకినవాళ్లలో నూటికి నలుగురు చనిపోతున్నారని మొదట అనుకున్నారు. ఇంకా మంచాల మీదే ఉన్నవాళ్ల సంగతి తేలేసరికి, మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అంచనాని 14, 15కి పెంచాల్సి వచ్చింది. చివరికి 8,096 మందికి సోకి 774 మంది చనిపోయారు. కాబట్టి "ఏమీ కాదు" అనేవాళ్ల మాటా, "అందరం పోతాం" అనేవాళ్ల మాటా ఇప్పుడే నమ్మాల్సిన పని లేదు.

మీరు వార్తల్లో వెతకాల్సింది వేరే ఉంది. లక్షణాలు కనబడకముందే ఇది అంటుతోందా, కనబడ్డాక అంటుతోందా? నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ఇది పెద్ద ప్రశ్న. సార్స్ వచ్చినవాళ్లు జబ్బు ముదిరాక, అంటే ఆస్పత్రికి చేరాక, ఎక్కువగా అంటించేవారు. అందుకే వ్యాక్సిన్ లేకుండానే, రోగుల్ని వేరుచేసి, వాళ్లని కలిసినవాళ్లని వెతికి పట్టుకుని, 2003 జూలైకల్లా దాన్ని ఆపగలిగారు. కోవిడ్ లక్షణాలు రాకముందే అంటింది, అందుకే చెయ్యిదాటిపోయింది. కొత్తది మొదటి రకమైతే మీ క్యాజువాలిటీ గుమ్మమే అసలు సరిహద్దు. రెండో రకమైతే మీరు ఉద్యోగం మానేసినా అది బస్సులో, బడిలో, మీ ఆయన ఆఫీసులో ఎదురవుతుంది. ఈ మాట మీ ఆయనకి కూడా చెప్పండి, వాదనలా కాకుండా మామూలుగా.

ఇప్పుడు ఆ తాళం. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. నేను చాలా ఏళ్లు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా, అంటే ఆస్పత్రిలో జబ్బులు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చూసే నర్సుగా చేశాను. "ఆస్పత్రి సిద్ధంగా ఉందా?" అంటే అందరూ పడకల లెక్క చెబుతారు, వెంటిలేటర్ల లెక్క చెబుతారు. పడక రోగిని చూసుకోదు. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని గంట గంటకీ కనిపెట్టుకుని ఉండాల్సింది సిస్టర్. ఒక సిస్టర్ ఒకరిద్దర్ని చూడగలదు, పదిమందిని చూడలేదు. అందుకే నేను సిద్ధంగా ఉన్నామన్న మాట వింటే చిన్న ప్రశ్నలు అడుగుతాను. రాత్రి రెండింటికి మాస్కు ఎవరిస్తారు? దగ్గుతూ వచ్చినవాణ్ణి గుమ్మంలో మొదట చూసేది ఎవరు, ఏమని అడుగుతారు? గౌను, గ్లౌజులు ఎక్కడ విప్పుతారు, విప్పేటప్పుడు పక్కన నిలబడి చూసేది ఎవరు? వేసుకునేటప్పటికంటే విప్పేటప్పుడే ఎక్కువ అంటుకుంటుందని మీకు తెలుసు, కానీ అలసిపోయిన చెయ్యికి అది గుర్తుండదు.

మేమొకసారి చెప్పకుండా రాత్రిపూట డ్రిల్ పెట్టాం. ఒక వార్డుబాయ్ రోగిలా దగ్గుతూ వచ్చాడు. డ్యూటీ సిస్టర్ అన్నీ సరిగ్గానే చేసింది. అతనికి మాస్కు పెట్టింది, పక్క గదిలోకి మార్చింది, గోడ మీద అంటించిన నంబరుకి ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తిన పెద్దావిడ "ఆయన రిటైరై ఏడాదైందమ్మా" అంది. ఆ కాగితం కింద సంతకాలు, ముద్ర, అన్నీ ఉన్నాయి. నాలుగు సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరూ ఆ నంబరుకి ఒక్కసారి ఫోన్ చేసి చూడలేదు. ఆ అమ్మాయి రిసీవర్ పట్టుకుని నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇంత చిన్న విషయాలకి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ అనే ఊపిరితిత్తుల వైరస్ జబ్బు వచ్చింది. విదేశం నుంచి ఆ జబ్బుతో వచ్చిన ఒకాయన, అదేమిటో తేలేలోపు ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తిరిగాడు. ఆ తర్వాత ఒక పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీలో మూడు రోజులున్న ఒక్క రోగి నుంచే 80 మందికి పైగా సోకింది. డబ్బులకీ యంత్రాలకీ లోటున్న ఆస్పత్రి కాదది. కిక్కిరిసిన ఎమర్జెన్సీ, పక్కపక్కనే మంచాలు, వచ్చీపోయే బంధువులు, సరైన సమయంలో అడగని ఒక ప్రశ్న. మొత్తం 186 మందికి సోకి 38 మంది చనిపోయారు. మీ బెంచీ మీద ఆ రాత్రి గంటన్నర కూర్చున్నాయనకి ఉన్నది ఫ్లూ కావడం మీ అదృష్టం. దాన్ని ఉచితంగా దొరికిన డ్రిల్ అనుకోండి.

ఆ రాత్రి గురించి ఇంకో మాట, తప్పుపట్టడానికి కాదు. మీ దగ్గర ఎన్95 లేకపోయినా సర్జికల్ మాస్కులు ఉన్నాయి. ఒకటి ఆయన మూతికి పెట్టారా? అనుమానం వచ్చిన మరుక్షణం మొదటి మాస్కు రోగికి. నెబులైజర్ బదులు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ సరిపోతుందేమో డాక్టర్ని అడగొచ్చు, గాల్లోకి తుంపర తగ్గుతుంది. వేరే గది లేకపోతే కిటికీలన్నీ తెరిచి రోగిని ఒక కిటికీ పక్కకి మార్చండి. ఇలాంటి రోగుల ప్రత్యేక గదుల్లో గంటకి 12 సార్లు గాలి మారాలంటారు. అలా గాలి మార్చే యంత్రం మీ దగ్గర లేకపోవచ్చు, కిటికీలున్నాయి.

పైవాళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. ఒక్కరు చెబితే ఫిర్యాదు అవుతుంది, ఐదుగురు చెబితే సమస్య అవుతుంది. మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని ముందు కలుపుకోండి, రాత్రి డ్యూటీ చేసే జూనియర్ డాక్టర్లని, ఆయాల్ని కూడా. ఒక పేజీ రాయండి. "ఏమీ ఏర్పాట్లు లేవు" అని రాస్తే "అన్నీ ఉన్నాయి" అని జవాబొస్తుంది. ఫలానా తేదీ రాత్రి ఇలా జరిగింది, మాకు కావాల్సినవి ఇవి అని రాయండి: తాళంచెవి ప్రతి షిఫ్టులో డ్యూటీ సిస్టర్ దగ్గర ఉండాలి, తీసిన మాస్కులకి రిజిస్టర్‌లో సంతకం పెడతాం. గేటు దగ్గర ఒక మనిషి జ్వరం, దగ్గు, ప్రయాణం, ఈ మూడూ అడగాలి. ఒక రాత్రి డ్రిల్ పెట్టాలి. తాళం వేసినవాళ్లకీ ఒక కారణం ఉండి ఉంటుంది. గాభరా రోజుల్లో మాస్కులు డబ్బాలకు డబ్బాలు మాయమవుతాయి. రిజిస్టర్ మాట మీరే ముందు అంటే వాళ్ల భయానికి జవాబు దొరుకుతుంది. తేదీ వేసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి.

దీనివల్ల మీ మీద "గొడవ పెట్టే మనిషి" అన్న ముద్ర పడొచ్చు. పడదని నేను చెప్పలేను. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే ఆస్పత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ, మీ నర్సుల సంఘం, ఆ తర్వాత ప్రభుత్వ ఆరోగ్య శాఖ. ఒక్కో మెట్టుకీ ముద్ర కాస్త ముదురుతుంది, చేతిలో ఆ కాపీ ఉంటే మీ మాటకి బలమూ పెరుగుతుంది. పత్రికలకి చెప్పడం చిట్టచివరి మెట్టు. ఉద్యోగం పోయే ప్రమాదం అక్కడ నిజంగా ఉంది, పైగా జనం ఆ ఆస్పత్రికి రావడమే మానేస్తారు.

అలా మానేయడం కూడా ప్రాణాల మీదికి తెస్తుంది. కోవిడ్ మొదటి నెలల్లో చాలా దేశాల్లో గుండెపోటుతో ఆస్పత్రికి వచ్చేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు. గుండెపోట్లు తగ్గలేదు, జనం భయపడి ఇంట్లో ఉండిపోయారు. ఇంకోవైపు చిన్న జలుబుకే క్యాజువాలిటీకి పరిగెత్తేవాళ్లు, లేని జబ్బు అక్కడ తెచ్చుకుంటారు. మీ బంధువులకి మీరు చేయగలిగిన అసలు సాయం ఇక్కడుంది. మీటింగులో "మాట్లాడొద్దు" అన్నది మీరు అన్నిటికీ వర్తింపజేసుకుంటున్నారు. రోగి పేరు, ఊరు, రిపోర్టు, ఇవి ఎవరికీ చెప్పకూడదు, ఆ మీటింగు లేకపోయినా చెప్పకూడదు. కానీ ఎప్పుడు ఆస్పత్రికి రావాలి, ఎప్పుడు ఇంట్లో ఉండాలి అని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈసారి ఫోన్ వస్తే ఇలా అనొచ్చు: "మా ఆస్పత్రిలో ఎవరున్నారో చెప్పకూడదు బాబాయ్. ఈ జబ్బు గురించి ఇప్పటికి తెలిసింది తక్కువ. కొత్త సంగతి నమ్మకంగా తెలిసిన రోజు నేనే ఫోన్ చేస్తాను. జ్వరం, దగ్గు మామూలుగా ఉంటే ఇంట్లో గాలి ఆడే గదిలో విడిగా ఉండండి. ఊపిరి అందకపోయినా, పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా ఆగొద్దు, ముందు ఫోన్ చేసి, మాస్కు పెట్టుకుని రండి, వేరే ఊరో దేశమో వెళ్లొస్తే గేటు దగ్గరే చెప్పండి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం వైరస్ సంగతి మర్చిపోయి వెంటనే వచ్చేయండి." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మాస్కుల డబ్బా అడిగితే "అవి రాత్రి డ్యూటీ పిల్లలవి" అని చెప్పి ఊరుకోండి.

దాచిపెట్టడం కంగారుని తగ్గిస్తుందనే మీ పైవాళ్ల నమ్మకం తప్పని నేను అనుకుంటున్నాను. కొరియాలో 2015 మే 20న మెర్స్ మొదటి కేసు తేలింది. రోగులున్న ఆస్పత్రుల పేర్ల పూర్తి జాబితా జూన్ 7 దాకా ప్రభుత్వం బయటపెట్టలేదు. ఆ రెండున్నర వారాల్లో ఖాళీని పుకార్లు నింపాయి, ఏ ఆస్పత్రికి వెళ్లకూడదో తెలియక జనం అన్నిటికీ భయపడ్డారు. దీనికి ఎదురుగా, 2003లో వియత్నాం రాజధాని హనోయ్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టర్ కార్లో ఉర్బానీ, తన ముందున్నది మామూలు న్యుమోనియా కాదని గట్టిగా చెప్పారు. వియత్నాం ఆ మాట విని రోగుల్ని వేరుచేసింది, ఏప్రిల్ 28కల్లా అన్ని దేశాలకంటే ముందు సార్స్ నుంచి బయటపడింది. ఉర్బానీ అదే జబ్బుతో మార్చి 29న చనిపోయారు. ఆ సంగతి మీ దగ్గర దాచను. సార్స్ సోకినవాళ్లలో 1,706 మంది, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు, మనలాంటి ఆస్పత్రి సిబ్బందే. మీ భయానికి ఆధారం ఉంది, మీ ఆయన భయానికీ ఉంది. "ఏం కాదులెండి" అని ఆయనకి మీరు చెబుతున్నంతకాలం ఆయన "మానెయ్" అంటూనే ఉంటారు.

ఆయనతో కూర్చుని దారులన్నీ బయటికి పరిచి చూడండి. ఇప్పుడే మానేస్తే ఆస్పత్రిలో సోకే ప్రమాదం పోతుంది. జీతం పోతుంది, మీ షిఫ్టు మిగిలినవాళ్ల మీద పడుతుంది. మీ సీనియర్ సిస్టర్ గురించి మీరు రాసిన తీరు చూస్తే, ఇంట్లో కూర్చున్నా మీ మనసు వార్డులోనే ఉంటుందేమో అనిపిస్తోంది. అది నా ఊహ, మీరే తేల్చుకోవాలి. సెలవు పెడితే కొంత గడువు దొరుకుతుంది, కానీ జబ్బు ఊళ్లో బాగా వ్యాపించేసరికి ఆ సెలవులు అయిపోయి ఉండొచ్చు. అత్తగారి జబ్బు చూపించి వేరే వార్డుకి మార్చమని అడగడం న్యాయమే. అయితే వేరే వార్డు అంటే భద్రం అనుకోకండి. కోవిడ్‌లో చాలామంది సిబ్బందికి అనుమానం లేని రోగుల నుంచీ, మాస్కులు తీసి కబుర్లు చెప్పుకునే విశ్రాంతి గదుల్లోనూ సోకింది.

ఉండిపోవాలనుకుంటే షరతుతో ఉండండి. సరైన మాస్కు లేకుండా అనుమానిత రోగికి దగ్గరగా పనిచేయనని ముందే, రాతపూర్వకంగా చెప్పండి. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉందనడానికి తగిన కారణం ఉంటే ఆ పని నుంచి తప్పుకున్న కార్మికుణ్ణి శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందం చెబుతోంది. మీ దేశంలో చట్టం ఎలా ఉందో సంఘం వాళ్లని అడిగి తెలుసుకోండి. మాస్కు ఉన్నా ముఖానికి అతుక్కుని ఉందో లేదో చూసుకోవాలి. గట్టిగా ఊదినప్పుడు పక్కల నుంచి గాలి తగిలితే అది ఎన్95 కాదు, ఉత్త గుడ్డ.

ఇంట్లో అసలు ప్రమాదం మీ సంచికంటే, చెప్పులకంటే, మీకు సోకి మీకు తెలియకుండా తిరగడం. స్నానం, బట్టలు విడిగా నానబెట్టడం మంచివే. వాటికంటే ముఖ్యం ఒంట్లో కాస్త నలతగా ఉన్న రోజే పరీక్ష చేయించుకోవడం, అత్తగారికి విడిగా కిటికీ ఉన్న గది ఇవ్వడం, ఆవిడ ఇన్‌హేలర్లు నెలకి సరిపడా ముందే తెచ్చి ఉంచడం. మీ ఆస్పత్రిలో నిజంగా కేసులు మొదలైతే మొదటి రెండు మూడు వారాలు ఆవిడ ఇంకో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉండే వీలుందా? లేక మీరే హాస్టల్‌లో ఉండాలా? మీరు వెళితే బాబుకి కష్టం, ఆవిడ వెళితే ఆవిడకి చిన్నతనంగా అనిపించొచ్చు. ఆవిడని పక్కన పెట్టి మీరిద్దరే నిర్ణయించకండి. రోజూ రాత్రి ఆ ఒక్క ప్రశ్న అడుగుతున్నారంటే, తనవల్ల మీరు ఇబ్బంది పడుతున్నారని కూడా ఆవిడ అనుకుంటూ ఉండొచ్చు. మీ ఇద్దరికీ ఒకేసారి జ్వరం వస్తే బాబుని ఎవరు చూడాలో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి చూడండి.

నేను మీ స్థానంలో ఉంటే ఈ వారం రాజీనామా రాయను. ఆ ఒక పేజీ రాస్తాను. వాళ్లిచ్చే జవాబును బట్టి, వైరస్ గురించి రాబోయే రోజుల్లో తేలేదాన్ని బట్టి, నెల తిరిగేసరికి మళ్లీ మీ ఆయనతో కూర్చుని ఆలోచిస్తాను. కానీ మీ ఇంట్లో ఇన్‌హేలర్ వాడే మనిషి ఉన్నారు, నా ఇంట్లో లేరు. అన్నీ చూసుకుని మానేస్తానంటే, మిమ్మల్ని పిరికిదనే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు.

తాళంచెవి సంగతి ఏమైందో నాకు రాయండి. బాబు లైటు వేస్తున్నాడో లేదో కూడా.